దొంగవానకు తలుపు తీసిన అసిరమ్మ

అనగా అనగా అంటాం గానీ, ఎన్నాళ్ళ కిందటి అనగానో ఎవరికీ తెలీదు. నాకు చెప్పిన ముసలమ్మకీ తెలీదు, ఆవిడకి చెప్పిన ముసలమ్మకీ తెలీదు. మీరు ఊఁ కొడుతూ ఉండండి, నేను చెబుతూ ఉంటాను. ఊఁ ఆగిందంటే కథ కూడా అక్కడే కూలబడుతుంది.

ఒక సముద్రం ఉండేది. దాని నడుమ ఒక దీవి ఉండేది. ఎటు తవ్వినా గుల్లలే, నత్తగుల్లలే. అందుకని దాన్ని గుల్లదీవి అన్నారు. దీవి నిండా కొబ్బరిచెట్లు, చెట్ల కింద ఇసుక కలిసిన నేల. మనిషన్నవాడు లేడు.

అలాంటి దీవిలో ఒక తెరచాప ఓడ మనవాళ్ళని తెచ్చి దింపింది. వాళ్ళ ఊళ్ళో వరసగా మూడేళ్ళు వానలు లేవు. మొదటి ఏడు గొడ్లు పోయాయి. రెండో ఏడు గాదెలు ఖాళీ అయ్యాయి. మూడో ఏడు మనుషులే ఓడెక్కారు. ఎక్కేటప్పుడు మూడంటే మూడే తెచ్చుకున్నారు. ఒక కుండెడు విత్తనాలు. ఊరి అమ్మవారి పసుపుముద్ద. మూడోది మూట కట్టేది కాదు, నెత్తిన పెట్టుకునేదీ కాదు. అది కార్తెల లెక్క.

ఓడ నడిపే సరంగు పొట్టి మనిషి, గట్టి మనిషి. ఒడ్డున నిలబడి అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఈ కొబ్బరి ఎండబెట్టి నాకివ్వండి, నేను బియ్యం తెచ్చిస్తాను. మూడేళ్ళు తెస్తాను. ఈలోపు మీ తిండి మీరు పండించుకుంటే ఈ దీవి మీదే. పండించుకోలేకపోతే మళ్ళీ ఓడెక్కండి. ఎక్కడ పని దొరికితే అక్కడ దింపుతాను. ఒక రేవులో ఇద్దరు, ఇంకో రేవులో ముగ్గురు. అందరూ ఒక్కచోటే ఉంటామంటే మాత్రం నా వల్ల కాదు."

ఆ మాటకి తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. ఊరు పోయిందని ఏడ్చిన జనం, ఇప్పుడు ఒకరికొకరు కూడా లేకుండా పోతామేమోనని వణికారు. అంతకంటే పెద్ద భయం వాళ్ళకి ఇంకేం మిగిలిందని?

వాళ్ళందరికీ పెద్ద జోగినాయుడు. తెల్లమీసం, పెద్ద గొంతు. అశ్విని మొదలు రేవతి దాకా ఇరవై ఏడు కార్తెలూ ఆయన నాలుక మీద ఉండేవి. ఏ కార్తెలో దున్నాలి, ఏ కార్తెలో చల్లాలి, ఏ కార్తెలో కొయ్యాలి అన్నీ ఆయన చెబితేనే. విత్తనాల కుండ కూడా ఆయన ఇంట్లోనే ఉట్టి మీద ఉండేది.

"బయపడకండి. దేశం మారింది గానీ ఆకాశం మారిందేటి?" అన్నాడు జోగినాయుడు. "కార్తెలున్నాయి. కార్తెకి వాన రావాల, వానకి పంట రావాల."

అందరూ సరేనన్నారు.

ఇక్కడే ఉంది తమాషా. ఆకాశం మారలేదు గానీ, ఆ దీవి మన దేశానికి తలకిందులు. మనకి ఎండలు మండే రోజుల్లో అక్కడ చలిగాలి. రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయని కదా మన సామెత! గుల్లదీవిలో రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగల్లేదు సరికదా, జనానికి పెదాలు పగిలాయి. అయినా జోగినాయుడు రోహిణి రోహిణే కదా అని, దుప్పటి కప్పుకుని మరీ విసనకర్రతో విసురుకున్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ విసురుకున్నారు. పళ్ళు టకటకమంటున్నా సరే, విసురుకున్నారు.

మృగశిర వచ్చింది. నేలకి దణ్ణం పెట్టి, పసుపు చల్లి, కుండలోంచి గింజలు తీసి చల్లారు. నాలుగు చినుకులు పడ్డాయి. మొలకలొచ్చాయి. అందరూ ఎగిరి గంతేశారు. ఆ వెనకే పొడిగాలి మొదలైంది. మొలకలు వడిలాయి, వాడాయి, మాడాయి. ఆర్ద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. ఆర్ద్ర కురవలేదు.

పుష్యమాసం వచ్చింది. మన దేశంలో అయితే ధాన్యం ఇల్లు చేరే రోజులు. గుల్లదీవిలో ఆకాశం నల్లబడింది. ఇక చూడండి, వాన! పగలు లేదు రాత్రి లేదు, కుండలతో పోసినట్టు వాన. నేలంతా నాని మెత్తబడింది.

మరి మనవాళ్ళు ఏం చేశారు? తలుపులు మూసుకున్నారు.

"ఇది వాన కాదు. దొంగవాన. కార్తె కాని కార్తెలో ఒచ్చింది. దీన్ని నమ్మి గింజేస్తే గింజ కూడా పోతాది" అన్నాడు జోగినాయుడు.

అలా మూడు నెలలు దొంగవాన కురుస్తూనే ఉంది. మూడు నెలలూ జనం ఇళ్ళల్లో కూచుని, ఓడ బియ్యం వండుకుతింటూ, అయ్యో వానల్లేవే అని ఏడుస్తూనే ఉన్నారు. నవ్వకండి. మనం కూడా ఇలాంటివి ఎన్ని చేస్తున్నామో మన వెనకటివాళ్ళు పైనుంచి చూసి నవ్వుకుంటూ ఉంటారు.

ఆ దీవిలోనే అసిరమ్మ అని ఒక మనిషి ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. పంచాయతీకి పిలిచేవాళ్ళు లేరు, పండక్కి అడిగేవాళ్ళూ లేరు. ఆవిడ పని చెరగడం. ఓడ బియ్యంలో రాళ్ళెక్కువ. అందరి బియ్యమూ ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చేది. చేటలో పోసి చెరిగి, రాళ్ళూ ఉమకా వడ్లగింజలూ, బస్తాల్లో కలిసొచ్చిన వేరే గింజలూ ఏరి, శుభ్రం చేసి ఇచ్చేది. కూలి కింద నూకలు ఇచ్చేవాళ్ళు. ఏరిన చెత్త చూరు కింద పారబోసేది. అంతే ఆవిడ బతుకు.

దొంగవాన రోజుల్లో ఒక పొద్దున అసిరమ్మ గుమ్మంలో కూచుని చూస్తే, చూరు కింద పచ్చగా ఏదో కనబడింది. గడ్డి అనుకుంది. వంగి చూసింది. వరి మొలకలు! పక్కనే రెండు పెసర మొక్కలు. ఓ పక్క తోటకూర. తను పారబోసిన చెత్తలోంచే లేచాయి.

చేట నెత్తిన పెట్టుకుని, వానలో తడుస్తూ జోగినాయుడు గుమ్మానికి వెళ్ళింది.

"నాయుడు బావూ, మా సూరు కింద వరి మొలిసింది బావూ."

"తడిస్తే ఏదైనా మొలుస్తాది. మొలిసిందల్లా పండుతాదేటి?" అన్నాడాయన. "కార్తెకి వాన రావాల గానీ, వానకి కార్తె వస్తాదేటి? ఎల్లి నీ పని సూసుకో."

"ఏటో బావూ, నేల తడిగుంది కదా!" అంది అసిరమ్మ. ఆవిడకి తెలిసిన వాదన అదొక్కటే.

తిరిగి ఇంటికొచ్చేసరికి ఆ మొలకల్ని ఓడ మీంచి దిగిన కోడి ఒకటి తినేసింది. మొదటి ఏడు కథ అలా ముగిసింది.

రెండో ఏడు కూడా కార్తె రాగానే జోగినాయుడు కుండ దింపాడు. ఈసారి అమ్మవారికి ముడుపు కూడా కట్టారు. మొలకలొచ్చాయి, వాడాయి, మాడాయి. కుండ అడుగు కనబడసాగింది. ఓడ వచ్చినప్పుడల్లా సరంగు ఒడ్డున దిగి, ఖాళీ నేల వంక చూసి, తల అటూ ఇటూ ఊపి వెళ్ళిపోయేవాడు.

ఈసారి అసిరమ్మ చెత్త పారబొయ్యలేదు. ఏరిన వడ్లు, పెసలు, మినుములు, ఆవాలు దాచింది. ఎలా దాచిందో వినండి. ఇంటికొక కొబ్బరిచిప్ప చొప్పున చూరుకి వేలాడదీసింది. ఎవరి బియ్యంలో ఏరిన గింజ వాళ్ళ చిప్పలోనే వేసింది. తన నూకల్లో దొరికినవి తన చిప్పలో వేసుకుంది. ఒకరి గింజ ఇంకొకరి చిప్పలో పడనివ్వలేదు. ఎవరూ అడగని లెక్క, ఎవరూ చూడని నిజాయితీ. అలాంటి మనిషిని తలుచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

దొంగవాన రాగానే తన చిప్పలో గింజలు మాత్రం తన గుమ్మం ముందు చల్లింది. మోకాలెత్తు పెరిగాయి. పట్టలేని సంతోషంతో మళ్ళీ జోగినాయుడి దగ్గరికి వెళ్ళింది.

"ఈ పాలి మీరే ఒచ్చి సూడండి బావూ."

ఆయన రానన్నాడు. నలుగురూ బతిమాలితే సరేనన్నాడు. రేపు పొద్దున వస్తానన్నాడు. తెల్లవారుజామున వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. ఎత్తు మీదనుంచి నీళ్ళు ఉరికొచ్చి, పైరునీ మట్టినీ కలిపి సముద్రంలోకి ఈడ్చుకుపోయాయి. జోగినాయుడు, వెనకాల జనం వచ్చి చూసేసరికి అసిరమ్మ గుమ్మం ముందు గుల్లలు తప్ప ఏమీ లేవు.

"ఇదేనా నీ పంట? దొంగవానని ఊరికే అన్నానేటి?" అన్నాడు జోగినాయుడు.

జనం నవ్వారు. నిజం చెప్పొద్దూ, ఆ నవ్వులో కొంత న్యాయం ఉంది. వాన ఉంటే చాలనుకోవడం అసిరమ్మ పొరపాటు. గింజకి నీళ్ళొక్కటే సరిపోవు, నిలబడడానికి మట్టి కూడా కావాలి కదా.

అందరూ వెళ్ళాక ఆవిడ అక్కడే కూచుని కాసేపు ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, చుట్టూ చూసింది. నీళ్ళు అంతా ఊడ్చుకుపోయాయి గానీ, ఒక్కచోట మట్టి కదల్లేదు. అక్కడ కొబ్బరి డొక్కల కుప్ప ఉంది. కాయ ఒలిచాక మిగిలే పీచు డొక్కలు, దీవి నిండా గుట్టలు గుట్టలు. ఆ కుప్ప వెనకాల మట్టి ఆగింది. డొక్కలు నీళ్ళు పీల్చుకుని, పిండితే కారేట్టు ఉన్నాయి. కుప్ప మీద ఒక గుమ్మడితీగ కూడా పాకుతోంది. ఓడ వంటవాడు కుళ్ళిందని ఒడ్డున విసిరేసిన గుమ్మడికాయ గింజ అది.

ఆ వానలు ఆగేదాకా ఆ తీగని కోడి నుంచి కాపాడింది. కాయలు కాస్తే గింజలన్నీ కడిగి ఆరబెట్టి, మళ్ళీ చిప్పల్లో ఇంటికిన్ని వేసింది.

మూడో ఏడు వచ్చింది. ఇక అదే ఆఖరు. మృగశిర రేపనగా జోగినాయుడు కుండ దింపాడు. అడుగున కాసిని గింజలు మిగిలాయి. అవే చిట్టచివరి విత్తనాలు.

అప్పుడు అసిరమ్మ మూడోసారి వచ్చింది. అందరి మధ్యా ఆయన కాళ్ళ దగ్గర కూచుంది.

"ఇయ్యి ఇప్పుడెయ్యొద్దు బావూ. మీకు దణ్ణం పెడతాను. ఆ వానొచ్చీదాకా ఆగండి."

"దొంగవానకి ఎయ్యమంటావా?"

"ఏటో బావూ, అప్పుడు నేల తడిగుంతాది కదా!"

ఈసారి జోగినాయుడు కసురుకోలేదు.

"ఊరొదిలీసినాం. ఏరొదిలీసినాం. మా అయ్యని కాల్సిన కాడు ఒదిలీసినాం. కార్తెలొక్కటే నాతో ఒచ్చినాయి. అయ్యి కూడా అబద్దమంటావేటే అసిరీ?"

అది మొండితనం కాదు, బెంగ. రెండేళ్ళుగా అందరూ ఆయన గొంతు విన్నారు గానీ, దాని వెనక ఉన్న బెంగ వినడం అదే మొదలు. అసిరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అబద్దమని నానెందుకంతాను బావూ. మనూళ్ళో అయ్యి నిజిమే. ఈ వానకే మన కార్తెలు తెలీవు, పాపం. దానికెవులు సెప్పినారు?"

జోగినాయుడు కుండ మళ్ళీ ఉట్టి మీద పెట్టాడు. కానీ మర్నాడు కుండ బోర్లించి, ఆఖరి గింజ దాకా మృగశిరలోనే చల్లాడు. తాతల మాట దాటి, తన చేత్తో గింజ వేసే ధైర్యం ఆయనకి రాలేదు.

మొలిచాయి. వాడాయి. మాడాయి.

ఇక దీవిలో ఏ ఇంట్లోనూ విత్తనం లేదు, అసిరమ్మ చూరుకి వేలాడే చిప్పల్లో తప్ప. పైడయ్య అని ఒకతను వచ్చి, మా బియ్యంలో ఏరినవి మాకిచ్చెయ్యి, ఉడకేసుకుంటాం అన్నాడు.

"మీయ్యే బావూ, కాదన్ను" అంది అసిరమ్మ. "మీ పెరట్లోనే ఏసిస్తాను. వానొచ్చీదాకా ఓపిక పట్టు."

చిప్పలోకి తొంగిచూశాడు. పిడికెడు గింజలు. అందరికీ తలో మెతుకు కూడా రాదు. పిడికెడు గింజలకి పేచీ ఎందుకని వెళ్ళిపోయాడు.

పుష్యం వచ్చింది. ఆకాశం నల్లబడింది. ఇళ్ళన్నీ తలుపులు మూసుకున్నాయి. ఒక్క తలుపు తెరుచుకుంది.

అసిరమ్మ చేట నెత్తిన బోర్లించుకుని వానలోకి దిగింది. డొక్కలు మోసింది. ప్రతి ఇంటి పెరట్లోనూ, నీళ్ళు ఉరికొచ్చే వైపున, డొక్కలూ ఎండుమట్టలూ పేర్చి నెలవంకలా చిన్న గట్టు వేసింది. గట్టు కడుపులో సముద్రపు నాచు, చేపల పొలుసు, పొయ్యి బూడిద వేసింది. తరవాత ఆ ఇంటి చిప్ప తెచ్చి, ఆ ఇంటి గింజలు ఆ ఇంటి మట్టిలో పెట్టింది. ఒక ఇల్లు అయ్యాక ఇంకో ఇల్లు. మనిషి ఒక్కతే, ఇళ్ళేమో అన్నీ ఉన్నాయి. ఇటు గట్టు వేస్తుంటే అటు గట్టు తెగేది. అటు పోతే ఇటు తెగేది.

జోగినాయుడు తలుపు సందులోంచి చూశాడు. మొదటి రోజు, పిచ్చిది అనుకున్నాడు. రెండో రోజు, చూడలేక మొహం తిప్పుకున్నాడు. మూడో రోజు ఆవిడ కాలు జారి, డొక్కల తట్టతో సహా బురదలో పడింది. లేచింది. చెదిరిన డొక్కలు ఒక్కొక్కటే ఏరుకుని, మళ్ళీ తట్ట ఎత్తుకుంది. ఎవరూ చూడ్డం లేదనుకుంది కాబోలు, వానతో మాట్లాడుతోంది. "కొంచెం మెల్లిగా తల్లీ, కొంచెం మెల్లిగా" అంటోంది.

జోగినాయుడు గోడకి వేలాడుతున్న తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకున్నాడు. తలుపు తీశాడు. వానలో నడిచి ఆవిడ దగ్గరికి వచ్చాడు.

"ఓలసిరీ, ఇను. నాను గింజ ఎయ్యను. మాటంటే మాటే."

"ఎయ్యకండి బావూ."

"గట్టుకి కార్తె లేదు కదా. గట్టేస్తాను. ఆ తట్ట ఇలాగియ్యి."

పెద్దాయన తట్ట ఎత్తాక ఇంకేముంది! పైడయ్య తలుపు తెరుచుకుంది. ఆ పక్క తలుపు తెరుచుకుంది. ఆ పై తలుపు తెరుచుకుంది. "గట్టుకి కార్తె లేదట! గట్టుకి కార్తె లేదట!" అనుకుంటూ ఆడా మగా పిల్లా పీచూ అందరూ వానలో దిగారు. ఎవరూ గింజ ముట్టుకోలేదు సుమండీ, నియమం తప్పకూడదు కదా! అందరూ గట్లు వేశారు, అసిరమ్మ ఒక్కతే గింజలు పెట్టింది. వాన కురిసింది. నీళ్ళు ఉరికాయి. గట్లు తడిసి బరువెక్కి కూచున్నాయి. మట్టి నిలబడింది.

వారం తిరిగేసరికి పెరళ్ళన్నీ పచ్చబడ్డాయి. అసిరమ్మ తిరిగి చూసుకుంటూ, జోగినాయుడి పెరట్లో ఆగింది.

"ఇదేటి, ఇక్కడ రెండు గుమ్మడి పాదులెట్టినాను. మూడున్నాయి!"

"నాను కాదు. నాను గట్టే ఏసినాను" అన్నాడు జోగినాయుడు, ఎవరూ అడక్కుండానే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు! అసిరమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

వానలు ఆగాయి. ఓడ వచ్చింది. ఈసారి సరంగు బియ్యం బస్తాలు తేలేదు. ఓడలో మనుషులకి చోటు చేసుకుని వచ్చాడు. తల్లులు మళ్ళీ పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

"మూడేళ్ళు అయిపోయాయి. పంట ఏదీ?" అన్నాడు.

పెరళ్ళు చూపించారు. గుమ్మం పక్కన ఇంత వరి, గోడవార ఇన్ని పెసలు, డొక్కల గట్ల మీద గుమ్మడితీగలు, వాటి సందుల్లో తోటకూర. సరంగు పెదవి విరిచాడు.

"ఇది పిట్టలకి సరిపోతుంది. మనుషులకి సరిపోతుందా? సరే, దీంతో నాకూ నా వాళ్ళకీ భోజనం పెట్టండి, చూస్తాను."

అసిరమ్మ వండింది. గుమ్మడికాయ కూర, తోటకూర వేపుడు, చేపల పులుసు. సరంగు ఆకు ముందు కూచుని చుట్టూ చూశాడు.

"అన్నమేదీ? గుమ్మాల్లో వరి కోసి పెట్టుకున్నారుగా?"

వండెయ్యవే, ఆయనకి కోపమొస్తే మన గతేమిటి అన్నట్టు జనమంతా అసిరమ్మ వంక చూశారు. ఆవిడ కదల్లేదు.

"అది అన్నం కాదు బావూ. ఒచ్చే వానకి విత్తనం. ఇయ్యాల మీకెట్టీస్తే మీరు మెచ్చుకుంతారు. మర్నాటికి మాకు మళ్ళా మీ ఓడే గతి. మీకు కోపమొచ్చినా సరే, అది వండను."

సరంగు ఆవిడ వంక చూశాడు. తరవాత ఆకు వంక చూశాడు. తినడం మొదలుపెట్టాడు. గుమ్మడికాయ కూర ఒకసారి వడ్డించుకున్నాడు. రెండోసారి వడ్డించుకున్నాడు. మూడోసారి గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఓడ కళాసీలైతే తలలెత్తలేదు. నెలల తరబడి వాళ్ళు కూరగాయ మొహం చూడలేదు. చిగుళ్ళు నెత్తురు కారుతున్నాయి.

"ఈ కాయలు ఎన్నాళ్ళు నిలవుంటాయి?" అని అడిగాడు సరంగు, చెయ్యి కడుక్కుంటూ.

"దెబ్బ తగలకుండా సూసుకుంతే నెలలు బావూ. సముద్దరం దాటీసి మళ్ళా వచ్చీవరకుంతాయి."

సరంగు పెరళ్ళన్నీ ఇంకోసారి తిరిగి చూశాడు. ఈసారి పెదవి విరవలేదు.

"విత్తనం తిననివాళ్ళు ఆకలితో చావరు" అన్నాడు. "ఉండండి ఇక్కడే. నా మనుషులకి ఈ కాయలివ్వండి. మీ వరి మీకు చాలేదాకా బియ్యం తెస్తూనే ఉంటాను."

అలా మనుషుల్ని ఎక్కించుకుందామని వచ్చిన ఓడ గుమ్మడికాయలు ఎక్కించుకుని పోయింది. తెరచాప కనుమరుగయ్యేదాకా జనం ఒడ్డున నిలబడి, ఆ తరవాత ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఒక్క తల్లి ఒడిలోంచీ ఒక్క బిడ్డా పోలేదు.

ఆ పైన గుల్లదీవికి మంచిరోజులొచ్చాయి. కొబ్బరిచెట్టు కింద అరటి, అరటి కింద చేమ, చేమ పక్కన పసుపు, చెట్టు మొదలుకి చిక్కుడు. కోళ్ళకి ఉమక, కోళ్ళ పెంట మళ్ళీ మట్టికి. ఎవరికీ పెద్ద పొలం లేదు, ఎవరి పెరడూ ఖాళీగా లేదు. అసిరమ్మకి పేరొచ్చింది గానీ పని మారలేదు. పంచాయతీకి పిలిస్తే వెళ్ళి, చేట ఒళ్ళో పెట్టుకుని, చెరుగుతూనే మాట్లాడేది. జోగినాయుడు మాత్రం రోహిణి కార్తెలో దుప్పటి కప్పుకుని విసురుకోవడం మానలేదు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. పెద్దాయన కదా, విసురుకోనివ్వండి.

ఏళ్ళు గడిచాయి. ఒక ఏడు పొడిగాలి రోజుల్లో అసిరమ్మ కన్నుమూసింది. పెద్ద జబ్బేం లేదు, చెరుగుతూ చెరుగుతూ గోడకి ఆనుకుంది, అంతే. దీవిలో ఆ రోజు పొయ్యి వెలగలేదు. కన్నబిడ్డ ఒక్కరూ లేని మనిషికి ప్రతి ఇంటివాడూ కొడుకై భుజం పట్టాడు.

తరవాత అందరూ కూచుని ఆలోచించారు. గుడి కడదాం అన్నాడొకడు. రాయి పాతుదాం అన్నాడు ఇంకొకడు. దీవికే ఆవిడ పేరు పెడదాం అన్నాడు మూడోవాడు. జోగినాయుడు వింటూ కూచున్నాడు. అప్పటికి ఆయన బాగా ముసలివాడయ్యాడు, చూపు కూడా ఆనడం లేదు.

మర్నాడు ఎప్పట్లాగే పిల్లల్ని చుట్టూ కూచోబెట్టుకుని కార్తెలు చెప్పించాడు. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర. పిల్లలు గడగడా అప్పజెప్పుకుంటూ పోయారు. ఉత్తరాభాద్ర, రేవతి. అయిపోయాయని లేవబోయారు.

"కూకోండి. ఇంకోటుంది" అన్నాడు జోగినాయుడు. "అసిరమ్మ."

"తాతా, కార్తెలు ఇరవయ్యేడే కదా?"

"ఆ దేశానికి ఇరవయ్యేడు. ఈ దీవికి ఇరవయ్యెనిమిది."

"మరి అసిరమ్మ కార్తె ఎప్పుడొస్తాది తాతా?"

ఒక బతుకంతా చెప్పిన మాటని ఆ పూట ఆయనే తిరగేసి చెప్పాడు.

"వానొచ్చినప్పుడొస్తాది. ఆ కార్తెకి వాన రాదు. ఆ వానకే కార్తె వస్తాది."

ఇప్పటికీ గుల్లదీవి పిల్లలు కార్తెలు చెబితే ఇరవై ఎనిమిది చెబుతారు. ఆఖరి కార్తెకి ఆకాశంలో నక్షత్రం లేదు, పంచాంగంలో తేదీ లేదు. ఆ రోజు ఎవరూ తమ పెరట్లో మొదటి గింజ పెట్టుకోరు, పక్కింటివాళ్ళ పెరట్లో పెడతారు. మాటల్లేని ఇళ్ళవాళ్ళు కూడా ఆ ఒక్కరోజు చేట పట్టుకుని అవతలి గడపలోకి వెళ్ళాల్సిందే. వెళ్ళాక మాటలు వాటంతటవే వస్తాయట.

దొంగవాన అనే మాట ఆ దీవిలో ఇప్పుడెవరికీ తెలీదు. పుష్యంలో మబ్బు కమ్మి తొలి చినుకులు రాలగానే పిల్లలు తడుచుకుంటూ వీధుల్లో పరుగెడతారు. "అసిరమ్మొచ్చింది! తలుపులు తియ్యండి! అసిరమ్మొచ్చింది!" అని ఇంటింటి ముందూ అరుస్తారు. అందరూ తలుపులు తీస్తారు.